నిలబడి చెప్పాల్సిన మాట

నిశ్చితార్థం విందులో
మూడో మాట చెప్పడానికి లేచి
ఒతియా కింద పడ్డాడు.
కొమ్ముపాత్రలోని ద్రాక్షసారా
వియ్యపురాలి తెల్ల పావడా మీద ఒలికింది.

"ముందే పట్టించినట్టున్నాడు" అన్నారు అటువైపు వాళ్ళు.
మెల్లగానే అన్నారు.
మెల్లగా అన్న మాటే కుతాయిసీలో
తెల్లారేసరికి వంతెన దాటుతుంది.

నలభై ఏళ్ళు విందుకు పెద్దగా కూర్చున్న మనిషి.
చనిపోయిన వాళ్ళని ఏ వంటకం దగ్గర తలుచుకోవాలో,
పిల్లల పేరెత్తాక ఎంతసేపు ఆగాలో
ఊరికి నేర్పిన మనిషి.
ఆ రోజు అతను తాగింది రెండంటే రెండు గుటకలు.
తిన్నది మాత్రం
జున్ను కూరిన వేడి రొట్టె, నాలుగు ముక్కలు.

నేను పాలీక్లినిక్‌లో నర్సుని.
మంగళవారం వాళ్ళ వంటింట్లో
తినకముందు చేతికి పట్టీ చుట్టి చూశాను.
నూట నలభై ఆరు.
లమారా చిక్కుడుగింజల పులుసు వడ్డించింది, రొట్టె విరిచింది.
పావుగంటకు నూట ముప్ఫై.
అరగంటకు నూట పన్నెండు.
తర్వాత అతని కబుర్లలో
మాటకీ మాటకీ మధ్య సందులు పడ్డాయి.
మేనల్లుడి పేరు వెతుక్కున్నాడు.
తొంభై నాలుగు.
యంత్రం చెడిందనుకుని రెండో చేతికి కట్టాను.
తొంభై రెండు.

భుక్తాయాసం అనుకున్నారు ఇన్నేళ్ళూ.
భోంచేసి సోఫాలో ఒరిగితే
గురక పెట్టే అదృష్టం అనుకున్నారు.

డాక్టర్ దారెజాన్ కళ్ళద్దాలు తీసి చెప్పింది:
ముద్ద దిగగానే నెత్తురు కడుపు వైపు పరుగెడుతుంది,
ఐస్‌క్రీం బండి గంట విన్న పిల్లల్లాగా.
గుండె కేకేసి వెనక్కి పిలవాలి,
రక్తనాళాలు బిగుసుకోవాలి.
ఇరవై ఏళ్ళ చక్కెర వాటి చెవులు మొద్దుబార్చింది.

రక్తపోటు మాత్రని పొద్దుట్నించి రాత్రికి మార్చింది.
ఇంకొకటి కొత్తగా రాసింది. అదీ చక్కెర మందే.
"తొలి ముద్దతోపాటు నమలాలి.
ముందు కాదు, తర్వాత కాదు.
రొట్టెని చక్కెరగా విడదీసే చేతుల్ని
కాసేపు పట్టి ఆపుతుంది.
రొట్టె తొందరపడకపోతే
నెత్తురూ తొందరపడదు."
"ఖరీదెంత?" అంది లమారా.
"గ్యాస్ వస్తుంది" అంది దారెజాన్.

వచ్చింది.
చలికాలం ట్రాక్టర్ స్టార్ట్ చేసినట్టు వచ్చింది.
"నాకిక మాట్లాడే పనే లేదు,
అంతా ఇదే మాట్లాడుతోంది" అని తిట్టాడు.
రెండుసార్లు మాత్రల్ని కోళ్ళగంపలో దాచాడు.
రెండుసార్లూ లమారాకి దొరికాయి.
మూడు వారాలకి, భోజనమయ్యాక, నూట ఇరవై ఒకటి.
మర్నాడు నూట ఎనిమిది.
కొన్ని రోజులు అంతే.

సెప్టెంబరులో పెళ్ళి.
విందు పెద్దరికం వియ్యంకుల తరఫు బద్రీకి ఇచ్చారు.
ఒతియాని తలుపు పక్కన కూర్చోబెట్టారు,
గాలి తగులుతుందని.
నా సంచిలో పట్టీ ఉంది.
తొలి ముద్దతో మాత్ర నమలడం నేను చూశాను,
బద్రీ కూడా చూశాడు.

పోయిన వాళ్ళ కోసం మాట వచ్చింది.
దానికి మగవాళ్ళందరూ నిలబడాలి.
గడియారం చూశాను: సరిగ్గా ముప్పావు గంట.
వద్దని తలూపాను.
అతను నన్ను చూడనట్టు చూసి,
నేను నేర్పినట్టే, ముందు పాదాలు నేలకు తన్ని,
పిక్కలు బిగించి, బల్ల అంచు పట్టుకుని,
పాత తలుపు తెరుచుకున్నట్టు లేచాడు.

అందరూ మౌనంగా ఉన్నారు.
ఆ మౌనంలో
ఒతియా కడుపు తాపీగా, చాలాసేపు మాట్లాడింది.
పిల్లలు నోళ్ళు మూసుకున్నారు. పెళ్ళికూతురు మూసుకోలేకపోయింది.

"పోయిన వాళ్ళు," అన్నాడు ఒతియా, బద్రీ వంతు అందుకుని,
"వాళ్ళు కూడా ఈ రొట్టె తిన్నవాళ్ళే.
ఎవరికీ సరిగ్గా అరగలేదు."

ఎవరో నవ్వారు, ఎవరో ముక్కు చీదారు.
అతను ఒక గుటక తాగి, కొంచెం రొట్టె మీద చిలకరించి
తనంతట తను కూర్చున్నాడు.
చొక్కా చెయ్యి మడిచి బల్ల కింద నా వైపు చాపాడు.

"నూట పదహారు" అన్నాను చెవిలో.

"గట్టిగా చెప్పు," అన్నాడు,
"అటువైపు వాళ్ళకి వినపడాలి."